ఉమ్రాకు డబ్బు కట్టేశాక మహమ్మారి వస్తే.. బీమా ఎంతవరకు ఆదుకుంటుంది?

మాచర్ల నుంచి సాగర్ వెళ్లే దారిలో ఎత్తిపోతల జలపాతం చూసొద్దామని ఓ కుటుంబం వ్యాన్ మాట్లాడుకుంది అనుకుందాం. బయల్దేరే రోజు ఇంట్లో ఎవరికో జ్వరం తగిలి ప్రయాణం ఆగిపోతే పోయేది వ్యాన్ అడ్వాన్సే. తర్వాతి ఆదివారం మళ్లీ పోవచ్చు. కానీ అదే ఇంట్లో పెద్దవాళ్లు ఉమ్రాకో, హజ్‌కో డబ్బు కట్టారంటే లెక్క వేరు. మిర్చి అమ్మగా మిగిలింది, గల్ఫ్‌లో ఉన్న కొడుకు నెలనెలా పంపింది, చీటీ పాడి దాచింది, తల్లి తన బంగారం అమ్మగా వచ్చింది.. అన్నీ కలిపితే అయిన మొత్తం అది. మళ్లీ అంత కూడబెట్టాలంటే ఏళ్లు పడుతుంది. అప్పటికి పెద్దవాళ్ల ఆరోగ్యం సహకరిస్తుందో లేదో అల్లాహ్‌కే తెలుసు.

డబ్బు కట్టేశాక, ప్రయాణం రోజు రాకముందే ఏదో అంటురోగం విరుచుకుపడితే ఆ డబ్బు ఏమవుతుంది? 'ఇన్సూరెన్స్ ఉంది కదా, ఫికర్ చేయకండి' అని బుకింగ్ సమయంలో వినిపించే మాటలో ఎంత నిజముంది? 2020లో కోవిడ్ ఈ ప్రశ్నకు చేదు జవాబే చెప్పింది.

ఆ జవాబు క్లుప్తంగా ఇదీ. ప్రయాణ బీమా ఎవరూ ఊహించని ముప్పు కోసం అమ్మే సరుకు. ఒక రోగం పేరు వార్తల్లోకి ఎక్కాక తీసుకున్న పాలసీ ఆ రోగం విషయంలో చాలాసార్లు అక్కరకు రాదు. ముందే తీసుకున్నా, అందులో మహమ్మారి మినహాయింపు రాసి ఉంటే అంతే సంగతులు. కట్టిన డబ్బు తిరిగి రావడమనేది చివరికి మూడు విషయాల మీద ఆధారపడుతుంది. డబ్బు ఎవరికి కట్టారు, ఏ తేదీన కట్టారు, కాగితం మీద ఏం రాసుంది.

ఇహ్రామ్ కట్టుకున్నాక ఆగిపోయిన ప్రయాణాలు

2020 ఫిబ్రవరి 27న సౌదీ అరేబియా విదేశీయులకు ఉమ్రాను నిలిపివేసింది. అప్పటికే వీసా చేతికి వచ్చినవాళ్లు, టికెట్ తీసుకున్నవాళ్లు, ఇహ్రామ్ ధరించి విమానాశ్రయం దాకా వెళ్లినవాళ్లు కూడా ఆగిపోవాల్సి వచ్చింది. మార్చి 15 నుంచి సౌదీ అంతర్జాతీయ విమానాలనే ఆపేసింది. మార్చి 25 నుంచి మన దేశంలో లాక్‌డౌన్ మొదలైంది. ఆ ఏడాది రమజాన్ మొదటి రోజా ఏప్రిల్ 25న. అంటే రమజాన్‌లో ఉమ్రా చేయాలని ముందుగా బుక్ చేసుకున్న కుటుంబాలన్నీ ఇళ్లలోనే ఉండిపోయాయి.

పల్నాడు అప్పటికి వేరే జిల్లా కాలేదు, గుంటూరు జిల్లాలోనే ఉంది. మార్చి 26న పొందుగుల చెక్‌పోస్టు దగ్గర, హైదరాబాద్ వైపు నుంచి సొంతూళ్లకు బయల్దేరిన జనాన్ని ఆపేయడంతో ఉద్రిక్తత చెలరేగింది. ఏప్రిల్, మే నెలల్లో నరసరావుపేట రాష్ట్రంలోనే కేసులు ఎక్కువగా నమోదైన పట్టణాల్లో ఒకటిగా నిలిచింది. వీధి దాటి బయటకు రావడమే కుదరని పరిస్థితి. ఆ వీధిలో ఉన్న ఆరోగ్యవంతుడు ప్రయాణం మానుకున్నాడంటే కారణం రోగం కాదు, ప్రభుత్వ ఆదేశం. ఈ తేడా మనకు చిన్నదిగా కనిపిస్తుంది. బీమా కంపెనీకి మాత్రం క్లెయిమ్ ఇవ్వాలా వద్దా అన్నది తేల్చేది ఇదే.

హజ్ సంగతీ అంతే అయింది. 2020 జూన్ 22న సౌదీ ప్రభుత్వం ఆ ఏడాది తమ దేశంలో ఉంటున్న కొద్దిమందికే హజ్ అవకాశమని ప్రకటించింది. మర్నాడు మన కేంద్ర మైనారిటీ వ్యవహారాల మంత్రి ముఖ్తార్ అబ్బాస్ నఖ్వీ, భారత్ నుంచి ఎవరినీ పంపడం లేదని చెప్పారు. దేశవ్యాప్తంగా వచ్చిన దరఖాస్తులు 2 లక్షల 13 వేలు. 2021లోనూ విదేశీయులకు హజ్ దక్కలేదు. సౌదీలో ఉన్న 60 వేల మందికే అనుమతి ఇచ్చారు. 2022లో 10 లక్షల మందిని రానిచ్చారు కానీ 65 ఏళ్లలోపు వాళ్లనే. భారత్ కోటా 79,237కు కుదించారు. 2020లో 63 ఏళ్ల వయసులో పేరు వచ్చిన ఓ పెద్దాయనకు 2022 నాటికి వయసు అడ్డం పడింది. 2023లో ఆ వయసు పరిమితి ఎత్తేశారు. ఈ మూడేళ్ల నిరీక్షణకు ఏ పాలసీలోనూ ధర కట్టే కాలమ్ లేదు.

'ముందే తెలిసిన ముప్పు' అంటే ఏంటి?

బీమా వ్యాపారం నడిచేది ఒకే సూత్రం మీద. ఇల్లు అంటుకున్నాక అగ్నిప్రమాద బీమా అమ్మరు. అలాగే ఒక రోగం వ్యాపిస్తోందని లోకానికి తెలిశాక తీసుకున్న పాలసీకి ఆ రోగం 'ముందే తెలిసిన ముప్పు' అయిపోతుంది. 2003లో సార్స్ వచ్చి వెళ్లాక ప్రపంచంలో చాలా కంపెనీలు తమ పాలసీల్లో అంటువ్యాధులు, మహమ్మారులకు మినహాయింపులు రాసుకోవడం మొదలుపెట్టాయి. పదిహేడేళ్ల తర్వాత కోవిడ్ వచ్చినప్పుడు ఆ వాక్యాలే పాలసీదారుల ముందు నిలబడ్డాయి.

కోవిడ్ విషయంలో తేదీలు చూస్తే సంగతి తేటపడుతుంది. వూహాన్‌లో అంతుచిక్కని న్యుమోనియా కేసులు ఉన్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలిసింది 2019 డిసెంబరు 31న. అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించింది 2020 జనవరి 30న. కేరళలో దేశంలోని తొలి కేసు బయటపడిందీ అదే రోజున. దాన్ని మహమ్మారిగా ప్రకటించింది మార్చి 11న. విదేశాల్లో చాలా కంపెనీలు జనవరి చివరి పది రోజుల్లోనే ఏదో ఒక తేదీని గీతగా గీశాయి. ఆ గీతకు ముందు పాలసీ కొన్నవాళ్లు ఒకవైపు, తర్వాత కొన్నవాళ్లు ఇంకోవైపు.

ఇప్పుడు ఓ ఉదాహరణ. డిసెంబరులో రమజాన్ ఉమ్రా ప్యాకేజీ బుక్ చేసుకున్న కుటుంబం, 'ఇంకా టైముంది కదా' అని బీమాను మాత్రం మార్చిలో, ప్రయాణానికి ముందు తీసుకుంటుంది. మన దగ్గర సాధారణంగా జరిగేది ఇదే. ప్యాకేజీకి డబ్బు కట్టినప్పుడు రోగం లేదు. పాలసీ కొన్నప్పుడు రోగం ఉంది. కంపెనీ చూసేది పాలసీ తేదీనే. బుకింగ్ తేదీ చూపించి 'మేం ముందే కట్టాం' అని వాదించినా నిలబడటం కష్టం. అప్పటికే బుక్ చేసిన ప్రయాణాలు పడిపోయే గుంట ఇదే.

రెండు జేబులు.. ఒకటి ఆసుపత్రిది, ఒకటి టికెట్‌ది

ప్రయాణ బీమా ఒకే పాలసీలా కనిపించినా లోపల రెండు జేబులు ఉంటాయి. ఒకటి విదేశంలో జబ్బుపడితే వైద్యానికి. రెండోది ప్రయాణం రద్దయితే టికెట్, హోటల్ డబ్బుకు. మొదటి జేబు పెద్దది, రెండోది చిన్నది, దానికి షరతులు ఎక్కువ. పాలసీ మీద లక్షల్లో కనిపించే అంకె సాధారణంగా మొదటి జేబుదే. చూసినవాళ్లు రెండోదానికీ అదే అంకె అనుకుంటారు.

వైద్యం విషయంలో మన దేశంలో కొంత ఊరట దొరికింది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, 2020 మార్చి 4నే ఆదేశం ఇచ్చింది. ఆసుపత్రి ఖర్చు ఇచ్చే పాలసీ ఉంటే కోవిడ్ చికిత్స క్లెయిమ్‌లనూ వేగంగా చూడాలని కంపెనీలకు చెప్పింది. జూలైలో కరోనా కవచ్ పేరుతో అన్ని కంపెనీలూ ఒకే తరహా పాలసీ అమ్మేలా చేసింది. కానీ ఇవన్నీ ఆసుపత్రి జేబుకు సంబంధించినవి. ఆగిపోయిన ఉమ్రా టికెట్‌కు, మక్కాలో ముందే కట్టిన హోటల్ అద్దెకు వీటితో సంబంధం లేదు.

రద్దు జేబు ఎప్పుడు తెరుచుకుంటుందో పాలసీలోనే కారణాల జాబితా ఉంటుంది. ఆ జాబితాలో లేని కారణానికి పైసా రాదు. సాధారణంగా గొడవ వచ్చేది ఈ నాలుగు చోట్ల.

మొదటిది, ప్రభుత్వ ఆదేశం. వీసాలు ఆపేశారు, సరిహద్దులు మూశారు, విమానాలు నిలిపేశారు. యాత్రికుడికి ఏ రోగమూ లేదు. చాలా పాలసీల్లో ఇది రద్దు కారణాల జాబితాలో ఉండదు, లేదా మినహాయింపుల్లో విడిగా రాసుంటుంది. 2020లో ఎక్కువ ఉమ్రాలు ఆగింది సరిగ్గా ఈ కారణంతోనే.

రెండోది, భయం. విమానం నడుస్తోంది, వీసా ఉంది. కానీ ఇంట్లో షుగర్, బీపీ ఉన్న పెద్దవాళ్లను జనసమ్మర్దంలోకి పంపడం ఎందుకని పిల్లలు ఆపేశారు. అది తెలివైన నిర్ణయమే. అయినా బీమా దాన్ని సొంత ఇష్టంతో మానుకోవడంగానే చూస్తుంది. అమెరికాలో మాత్రం ఏ కారణంతోనైనా రద్దు చేసుకునే వీలున్న పాలసీలు దొరుకుతాయి. వాటికి ప్రీమియం ఎక్కువ. మొదటి చెల్లింపు చేసిన రెండు మూడు వారాల్లోపే కొనాలి. ఇచ్చేదీ ఖర్చులో సగం నుంచి ముప్పావు వంతే. అమెరికా నుంచి అమ్మానాన్నలకు టికెట్లు తీసే పిల్లలు ఈ తేడా గమనించాలి.

మూడోది, పాజిటివ్ వచ్చినా ఆసుపత్రిలో చేరకపోవడం. 2022 హజ్‌కు బయల్దేరే ముందు 72 గంటల్లోపు చేయించుకున్న ఆర్టీపీసీఆర్ నెగెటివ్ చూపించాలని షరతు పెట్టారు. ఒంట్లో ఏ బాధా లేకపోయినా పాజిటివ్ వస్తే విమానం ఎక్కనివ్వరు. కానీ రద్దు క్లెయిమ్‌కు ఆసుపత్రిలో చేరి ఉండాలని చాలా పాలసీలు అడుగుతాయి. ఇంట్లోనే క్వారంటైన్‌లో ఉన్నవాడి చేతిలో ల్యాబ్ కాగితం ఉంటుంది గానీ డిశ్చార్జ్ సమ్మరీ ఉండదు.

నాలుగోది, తోడు వెళ్లేవాళ్లు. భర్తకో, అన్నకో పాజిటివ్ వస్తే మహ్రమ్ లేకుండా వెళ్లడం ఇష్టం లేని భార్య, చెల్లెలు కూడా ఆగిపోతారు. వాళ్ల టికెట్ డబ్బు రావాలంటే పాలసీలో కుటుంబ సభ్యులను గానీ, సహప్రయాణికులను గానీ కవర్ చేసే మాట ఉండాలి. విడివిడిగా తీసుకున్న పాలసీల్లో కొన్నిసార్లు ఆ మాట ఉండదు. ఇంకో సంగతి. ఇంట్లో మరణం సంభవిస్తే రద్దు డబ్బు ఇస్తామని చాలా పాలసీలు చెబుతాయి. భర్త చనిపోయి ఇద్దత్‌లో కూర్చున్న స్త్రీకి ఇది వర్తించాలి. కానీ మరణానికి కారణమే మహమ్మారి అయితే? మినహాయింపు వాక్యంలో 'నేరుగా గానీ, పరోక్షంగా గానీ' అనే పదాలు ఉంటే కంపెనీ అక్కడా అడ్డం తిరగవచ్చు.

రైలు టికెట్‌తో వచ్చే బీమా గురించీ ఓ మాట చెప్పుకోవాలి. ఆన్‌లైన్‌లో టికెట్ తీసేటప్పుడు రూపాయి కూడా కాని ప్రీమియంతో ఐఆర్‌సీటీసీ ఇచ్చేది రైలు ప్రమాదంలో మరణం, గాయాలు, వైకల్యం కోసం. జబ్బుకు, ప్రయాణం మానుకున్నందుకు అది వర్తించదు. 'టికెట్‌కు ఇన్సూరెన్స్ ఉంది' అనుకుని ధీమా పడితే నష్టపోయేది మనమే.

డబ్బు ఎవరికి తిరిగొచ్చింది?

2020లో అన్నిటికంటే నిబ్బరంగా ఉన్నది హజ్ కమిటీ ద్వారా డబ్బు కట్టినవాళ్లు. రద్దు చేసుకోదలిచినవాళ్లకు మొత్తం డబ్బు వెనక్కి ఇస్తామని కమిటీ జూన్ 5నే సర్క్యులర్ ఇచ్చింది. జూన్ 23 ప్రకటన తర్వాత అందరికీ ఎలాంటి కోతా లేకుండా నేరుగా బ్యాంకు ఖాతాల్లో వేసే ఏర్పాటు జరిగింది. ఇందులో బీమా పాత్ర ఏమీ లేదు. డబ్బు పుచ్చుకున్నది చట్టబద్ధ సంస్థ, ప్రతి రూపాయికీ రసీదు ఉంది, ఖాతా నంబరు రికార్డులో ఉంది. అంతే తేడా.

ఉమ్రాలో పరిస్థితి అంత తేలిగ్గా లేదు. ప్యాకేజీ డబ్బు కనీసం నాలుగు చోట్లకు పోతుంది. వీసా, విమానం, హోటల్, స్థానిక ఏర్పాట్లు. వీసా, సేవల రుసుము తిరిగిచ్చేందుకు సౌదీ హజ్, ఉమ్రా మంత్రిత్వ శాఖ ఏర్పాటు చేసింది కానీ అది కూడా స్థానిక ఏజెంట్ల ద్వారానే రావాలి. ఊళ్లో తెలిసినాయన ద్వారా, ఆయన పట్నంలోని ఇంకో ఏజెంటు ద్వారా కట్టినవాళ్లకు ఎవరిని అడగాలో తెలియని పరిస్థితి. నోటి మాట మీద నగదు ఇచ్చి, తెల్లకాగితం మీద సంతకం తెచ్చుకున్నవాళ్లు ఏ కోర్టుకు వెళ్లినా ముందు రుజువు చేయాల్సింది డబ్బు ఇచ్చామన్న సంగతే.

విమాన టికెట్ల విషయంలో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది. ప్రవాసీ లీగల్ సెల్ వేసిన కేసులో జస్టిస్ అశోక్ భూషణ్, జస్టిస్ ఆర్.సుభాష్‌రెడ్డి, జస్టిస్ ఎం.ఆర్.షా ధర్మాసనం 2020 అక్టోబరు 1న తీర్పు ఇచ్చింది. లాక్‌డౌన్ కాలంలో, లాక్‌డౌన్ కాలపు ప్రయాణానికే కొన్న టికెట్లకు మొత్తం డబ్బు వెనక్కి ఇవ్వాలంది. అంతకుముందు కొన్న టికెట్లకు 15 రోజుల్లో తిరిగివ్వడానికి విమాన సంస్థలు ప్రయత్నించాలి. ఆర్థికంగా కుదరకపోతే ఆ మొత్తాన్ని క్రెడిట్ షెల్‌గా ఉంచి, 2021 మార్చి 31లోపు వాడుకోనివ్వాలి. వేరేవాళ్ల పేరుకు మార్చుకోవచ్చు. వాడుకోకుండా మిగిలింది తర్వాత డబ్బుగా ఇవ్వాలి.

మంచి తీర్పే. కానీ ఉమ్రా యాత్రికుల వైపు నుంచి చూస్తే రెండు సందులు కనిపిస్తాయి. ఒకటి, తీర్పు చూసింది మార్చి 25 నుంచి మే 24 వరకు జరగాల్సిన ప్రయాణాలను. ఉమ్రా ఆగింది ఫిబ్రవరి 27న. ఈ మధ్య దాదాపు నెల రోజుల్లో ఎగరాల్సినవాళ్లు ఈ గొడుగు బయటే ఉండిపోయి, విమాన సంస్థల మామూలు నిబంధనల మీద ఆధారపడ్డారు. రెండు, క్రెడిట్ షెల్ గడువు 2021 మార్చితో ముగిసింది. భారత్ నుంచి యాత్రికులను సౌదీ నేరుగా రానిచ్చింది 2021 డిసెంబరు 1 నుంచి. జెద్దాకు దారే లేని కాలంలో జెద్దా క్రెడిట్ ఉన్నా ఏం లాభం? అలాంటివాళ్లు గడువు తర్వాత డబ్బే అడిగి తీసుకోవాల్సి వచ్చింది. అడగాలని తెలిసినవాళ్లే అడిగారు.

వీసాతో వచ్చే సౌదీ బీమా

ఉమ్రా వీసా రుసుములోనే ఇప్పుడు తప్పనిసరి బీమా కలిసి ఉంటుంది. 2020 మొదట్లో తవునియా సంస్థ ద్వారా ఇది మొదలైంది. తర్వాత సౌదీ మంత్రిత్వ శాఖ ప్రకటించిన వివరాల ప్రకారం దీని పరిమితి లక్ష రియాళ్లు. అత్యవసర వైద్యం, కోవిడ్ సోకడం, ప్రమాదాలు, మరణం, విమానం ఆలస్యం లేదా రద్దు కావడం ఇందులోకి వస్తాయి. మహమ్మారి అనగానే తప్పుకునే పాలసీల మధ్య ఇది మేలైన ఏర్పాటే.

అయితే దీని స్వభావం తెలిసి ఉండాలి. ఇది పనిచేసేది యాత్రికుడు సౌదీలో ఉన్నప్పుడు. పిడుగురాళ్లలోనో, గురజాలలోనో ఇంట్లో ఉండగానే జబ్బుపడి ఉమ్రా మానుకుంటే ప్యాకేజీ డబ్బు తిరిగిచ్చే పాలసీ కాదిది. అత్యవసరం కాని వైద్యానికి, ఎప్పటినుంచో ఉన్న జబ్బుకు మామూలుగా వాడే మందులకు దీన్ని నమ్ముకోకూడదు. అందుకే 'వీసాలోనే ఇన్సూరెన్స్ ఉంది' అన్న మాట నిజమే గానీ, సగం నిజం.

బీమా జాయిజేనా అన్న సందేహం

చాలా కుటుంబాలు ప్రయాణ బీమాకు దూరంగా ఉండటానికి ఖర్చు ఒక్కటే కారణం కాదు. అందులో వడ్డీ, జూదం అంశాలు ఉంటాయేమోనన్న సందేహం ఉంది. ఈ సందేహం కొత్తదేమీ కాదు. ఇస్లామీ సహకార సంస్థకు చెందిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1985 డిసెంబరులో జెద్దాలో దీని మీద తీర్మానం చేసింది. వ్యాపార బీమా ఒప్పందాన్ని తప్పుపట్టి, పరస్పర సహకారం మీద నడిచే బీమాను ప్రత్యామ్నాయంగా సూచించింది. సౌదీలో బీమా కంపెనీలు సహకార బీమా పేరుతో నడవడం వెనకున్న ఆలోచన ఇదే. మన దేశంలో తకాఫుల్‌కు ప్రత్యేక లైసెన్సు విధానం లేదు. వీసాతో తప్పనిసరిగా వచ్చేదానికి, ఇష్టపడి కొనుక్కునేదానికి తేడా ఉందా అన్నది ఆలిములను అడిగి తెలుసుకోవాల్సిన విషయం.

కానీ ఒకటి గమనించాలి. బీమా వద్దనుకున్న కుటుంబానికి మిగతా జాగ్రత్తలు రెట్టింపు అవసరం. పాలసీ లేనివాడికి రసీదే రక్ష. లావాదేవీని రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని దీన్ నేర్పిన అలవాటే ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. రోగం ఉన్న ఊరికి వెళ్లవద్దు, రోగం ఉన్న ఊరి నుంచి బయటకు రావద్దు అన్న ప్రవక్త (స) బోధన తెలిసిన సమాజం మనది. కాబట్టి మహమ్మారి వేళ ప్రయాణం ఆపుకోవడం గురించి మనసులో బెంగ అక్కర్లేదు. ఆగిన ప్రయాణం డబ్బు మాత్రం హక్కుగా అడగాల్సిందే.

రోగమే రానక్కర్లేదు

ఈ పాఠం కోవిడ్‌తో ముగిసిపోలేదని 2025 హజ్ చూపించింది. ఆ ఏడాది భారత్ కోటా 1,75,025. అందులో హజ్ కమిటీ వాటా 1,22,518. మిగతా 52,507 ప్రైవేటు ఆపరేటర్లది. సౌదీ నిబంధనల ప్రకారం 800కు పైగా ఉన్న ఆపరేటర్లను 26 ఉమ్మడి సంస్థలుగా కలిపారు. మినాలో గుడారాలు, బస, రవాణా ఒప్పందాలు గడువులోగా పూర్తికాలేదు. కోటా చేజారింది. ప్రభుత్వం మాట్లాడాక ఏప్రిల్‌లో 10 వేల మందికి మళ్లీ దారి తెరిచారు. దాదాపు 42 వేల సీట్లు పోయినట్టే అయింది. ఎవరికీ జబ్బు చేయలేదు, ఏ దేశమూ సరిహద్దు మూయలేదు. నిర్వాహకుడి వైఫల్యం చాలా ప్రయాణ పాలసీల్లో రద్దు కారణంగా ఉండదు. అక్కడా డబ్బు తిరిగి రావాలంటే దిక్కు రసీదూ, ఒప్పందమే.

డబ్బు కట్టేముందు అడగాల్సినవి

ప్యాకేజీ ధర బేరమాడటానికి ఇచ్చే సమయంలో సగం ఈ ప్రశ్నలకు ఇస్తే చాలు.

రద్దయితే ఏది ఎంత తిరిగొస్తుందో వీసా, టికెట్, హోటల్, సేవల ఖర్చుల వారీగా రాసివ్వమనాలి. యాత్రికుడు మానుకుంటే ఎంత, ప్రభుత్వం ఆపితే ఎంత అన్నది విడివిడిగా ఉండాలి. డబ్బు బ్యాంకు ద్వారా, సంస్థ ఖాతాకే కట్టాలి. టికెట్ పీఎన్ఆర్ నంబరు తీసుకుని, టికెట్ రీఫండ్ అయ్యేదో కాదో విమాన సంస్థలోనే చూసుకోవాలి. డీజీసీఏ నిబంధనల ప్రకారం ఏజెంటు ద్వారా కొన్న టికెట్‌కైనా రీఫండ్ బాధ్యత విమాన సంస్థదే. ఏజెంటు దాని ప్రతినిధి మాత్రమే.

బీమా తీసుకోవాలనుకుంటే ప్యాకేజీకి మొదటి అడ్వాన్సు కట్టిన వారంలోనే తీసుకోవడం మేలు. బయల్దేరే ముందు రోజు కొన్న పాలసీ వైద్యానికి పనికొస్తుందేమో గానీ, రద్దు డబ్బుకు దాదాపు పనికిరాదు. మొత్తం చదవలేకపోయినా మూడు చోట్ల చూడాలి. 'మినహాయింపులు' అన్న భాగంలో మహమ్మారి, అంటువ్యాధి, ప్రభుత్వ ఆదేశం అనే మాటలు ఉన్నాయా? రద్దు కారణాల జాబితాలో ఏమున్నాయి? ముందునుంచే ఉన్న జబ్బుల గురించి ఏం రాశారు? షుగర్, బీపీ, గుండె జబ్బు ఉంటే ఫారంలో దాచకుండా రాయాలి. దాచిపెట్టిన జబ్బు కంపెనీకి తేలిగ్గా దొరికే సాకు.

క్లెయిమ్ తిరస్కరిస్తే అక్కడితో వదిలేయక్కర్లేదు. కారణం రాతపూర్వకంగా అడగాలి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లోనూ, 155255 నంబరులోనూ ఫిర్యాదు నమోదు చేయొచ్చు. ఏజెంటు మీద అయితే వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక తాము ఉండే జిల్లా పరిధిలోనే కేసు వేయొచ్చు, రెండేళ్ల గడువు ఉంటుంది. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు ఉండదు.

ఒక్క విషయం పాలసీదారుల వైపు గట్టిగా ఉంది. మినహాయింపు తనకు వర్తిస్తుందని రుజువు చేయాల్సింది కంపెనీయేనని మన న్యాయస్థానాలు చాలాసార్లు చెప్పాయి. 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఒక బేస్‌మెంట్ దుకాణం బీమా కేసులో ఇంకో మెట్టు ముందుకు వెళ్లింది. పాలసీ అమ్మేటప్పుడు చెప్పని మినహాయింపును క్లెయిమ్ వేళ బయటకు తీసి తప్పించుకోవడం కుదరదని తేల్చింది. అంటే 'ఈ మాట మాకెవరూ చెప్పలేదు' అన్నది ఉత్త గోడు కాదు, వాదించదగ్గ పాయింటే. అందుకు పాలసీ అమ్మినప్పటి వాట్సాప్ మెసేజ్‌లు, ప్రకటనలు, రసీదులు దాచి ఉంచుకోవాలి.

ఇక చేయాల్సింది ఎవరు?

భారమంతా యాత్రికుడి మీదే వేయడం న్యాయం కాదు. ప్రైవేటు హజ్ ఆపరేటర్లకు కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ రిజిస్ట్రేషన్, కోటా ఉంటాయి. ఉమ్రాకు అలాంటి కోటా విధానం లేదు. రెండు తెలుగు రాష్ట్రాల హజ్ కమిటీలు హజ్ శిక్షణ శిబిరాలు ఎలాగూ పెడుతున్నాయి. ఉమ్రాకు వెళ్లేవాళ్ల కోసం కూడా తెలుగులో, ఉర్దూలో ఒక పేజీ నమూనా ఒప్పందం తయారుచేసి మస్జిదుల్లో పంచితే పెద్ద ఖర్చేమీ కాదు. ప్రభుత్వం ప్రయాణం ఆపితే ఎన్ని రోజుల్లో ఎంత తిరిగివ్వాలో అందులో ఖాళీలు నింపితే చాలు. ఏజెంటు సంతకం పెట్టడానికి వెనకాడితే కుటుంబానికి అక్కడే విషయం అర్థమవుతుంది.

ఐఆర్‌డీఏఐ వైపు నుంచి రావాల్సింది ఇంకొకటుంది. కరోనా కవచ్‌లాగే, రద్దయిన ప్రయాణానికి కూడా అన్ని కంపెనీలకూ ఒకే మాటలతో ఉండే షరతు కావాలి. మహమ్మారి కవర్ అవుతుందో లేదో పాలసీ మొదటి పేజీలోనే పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఇవ్వలేని కంపెనీ ఇవ్వలేనని చెప్పడంలో తప్పులేదు. చెప్పకుండా ప్రీమియం పుచ్చుకోవడమే తప్పు.

తర్వాతి అంటురోగం ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. అది వచ్చాక కొత్తగా కాగితాలు పుట్టవు, అప్పటికి చేతిలో ఉన్నవే పనికొస్తాయి. రమజాన్ ఉమ్రాకు ఇప్పుడే అడ్వాన్సు కడుతున్న ఇంట్లో ఇవాళ చేయాల్సిన పని ఒకటే. రసీదు తీసి, దాని మీద సంస్థ పేరు, తేదీ, రద్దు షరతు.. మూడూ ఉన్నాయో లేదో చూసుకోవడం.